పల్లెలో మన ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వస్తుందో లేదో తెలుసుకోవడం ఎలా?

ఊరి పేరుతో కాకుండా ఇంటి పూర్తి చిరునామా, వీలైతే మ్యాప్‌లో లొకేషన్ ఇచ్చి, ఆ ప్రాంతంలో సర్వీస్ ఇచ్చే కంపెనీలను ఒక్కొక్కటిగా అడిగితేనే సరైన సమాధానం దొరుకుతుంది. ఎందుకంటే కనెక్షన్ ఇచ్చేది ఊరికి కాదు, ఇంటికి. పాత టెలిఫోన్ రాగి తీగ మీద నడిచే ఏడీఎస్ఎల్ అనే నెట్ కనెక్షన్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచి దూరం పెరిగేకొద్దీ స్పీడ్ పడిపోతుంది. సుమారు 5 కిలోమీటర్లు దాటితే లైన్ నిలబడటమే కష్టం. ఫైబర్‌కు, అంటే కాంతితో డేటా పంపే సన్నని గాజు తీగకు, అంత దూరం పెద్ద సమస్య కాదు గానీ, దగ్గర్లో స్తంభానికి బిగించిన డబ్బాలో ఖాళీ పోర్ట్ (ఒక ఇంటి కేబుల్ కలిపే చోటు) ఉండాలి. ఉదాహరణకు అందులో 8 పోర్టులే ఉండి, అన్నీ నిండిపోతే పక్కింట్లో నెట్ నడుస్తున్నా మీకు వెంటనే ఇవ్వలేరు. అందుకే "మా ఇంటికి పోర్ట్ ఖాళీ ఉందా? కేబుల్ ఎంత దూరం లాగాలి? ఆ ఖర్చు ఎవరిది?" అని సూటిగా అడగండి. ఈ మూడింటికీ జవాబు రాకుండా డబ్బు కట్టొద్దు.

రోడ్డు పక్కన ఫైబర్ వేశారు కాబట్టి నెట్ వచ్చేసినట్టే అని చాలామంది పొరబడతారు. అది చాలాసార్లు పట్టణాలను కలిపే ప్రధాన లైన్. మధ్యలో తెంచి ఒక ఇంటికి కలపరు. కవరేజ్ మ్యాప్‌లో ఊరంతా రంగు కనిపించినా, ప్రతి ఇంటికీ లైన్ ఉందని కాదు.