పూత లేనప్పుడు తంగేడును, కసివిందను ఎలా గుర్తుపట్టాలి?

బెంగళూరులో ఆరుబయట జరిగే మీ ఎత్నోబోటనీ (మనుషులు మొక్కలను వాడుకునే తీరును చదివే శాస్త్రం) పరీక్షలో పూత లేని కొమ్మ చూపిస్తే కంగారు పడకండి. ముందు ఆకు ఎక్కడ మొదలైందో చూడండి: మొగ్గ ఉండేది తొడిమ మొదట్లోనే, పత్రకాల (ఒకే ఆకులో భాగాలైన చిన్న రెక్కల) దగ్గర ఉండదు. పత్రకాన్నే ఆకు అనుకుంటే ఆపైన రాసేదంతా తప్పే.

తర్వాత 10 రెట్ల భూతద్దం తీయండి. తంగేడుకు ప్రతి పత్రకాల జత మధ్యా నిలువుగా సన్నని గ్రంథి ఉంటుంది. తొడిమ మొదట్లో మూత్రపిండం ఆకారంలో వెడల్పాటి పత్రపుచ్ఛాలు (తొడిమ అడుగున ఇరుపక్కలా ఉండే భాగాలు), అచ్చం చిన్న ఆకుల్లా. కసివిందకు ఒక్కటే గ్రంథి, తొడిమ అడుగున ఉబ్బుగా. పుచ్ఛాలు త్వరగా రాలిపోతాయి. ఆకు నలిపితే వెగటు వాసన (రాలిన ఆకే నలపండి, కొమ్మది తుంచకండి).

జవాబులో శాస్త్రీయ నామాలు తంగేడుకు సెన్నా ఆరిక్యులేటా, కసివిందకు సెన్నా ఆక్సిడెంటాలిస్ అని రాసి, తంగేడు పక్కన కన్నడ పేరు ఆవరికె కూడా చేర్చండి.