పొగ లెక్కల చదువుకు ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది విజయవాడ, బెంజి సర్కిల్ దగ్గర. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో ఏడు. రోడ్డు మీది వాహనాల పొగ పక్కిళ్లకు ఎంత చేరుతుందో లెక్కగట్టే మోడలింగ్‌లో ఎంటెక్ చేస్తానంటోంది. ప్రాజెక్టు కోసమని రెండ్రోజులు సర్కిల్‌లో నిలబడి బండ్లు లెక్కపెట్టింది. బంధువులు చూసి, రోడ్డు మీద నిలబడిందేమని మమ్మల్ని అడిగారు. మేమూ ఆమెను అదే అడిగాం. అందరూ డేటా సైన్స్ కోర్సులో చేర్చమంటున్నారు. రెండిట్లో ఏది మేలు? - ఓ తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు నాలుగైనా వస్తాయండీ. కోర్సుల పేర్లు మారతాయి, బంధువులు మారరు.

అక్కడ ఏం చేశావని అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా? పావుగంటకో కాగితం. బైకు, ఆటో, కారు, బస్సు, లారీ, ఒక్కోదానికి ఒక్కో గడి. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. ఒక్కో రకం బండి కిలోమీటరుకు ఎన్ని గ్రాముల కాలుష్యం వదులుతుందో ఆ అంకెతో, రోడ్డు పొడవుతో ఈ లెక్కను హెచ్చవేస్తే, ఆ రోడ్డు ముక్క మీద గంటకు ఎంత పుడుతోందో తేలుతుంది. అది మీ ఇంటిదాకా ఎంత వస్తుందన్నది గాలి చేతిలో ఉంది. జనవరి తెల్లవారుజామున నేల చల్లగా ఉంటుంది, గాలి కదలదు, పొగ పైకి లేవదు. అన్నే బండ్లు తిరిగినా మిట్టమధ్యాహ్నం కన్నా అప్పుడే ఎక్కువ పీలుస్తాం. మీ దగ్గర ఫ్లైఓవర్లు వచ్చాక కొన్ని బండ్లు మేడ కిటికీల ఎత్తులో పోతున్నాయి కదా, ఆ ఎత్తునూ లెక్కలోకి తీసుకోవాలి. మీ కిటికీ చువ్వ మీద వేలు రాసి చూడండి. ఆ మసి కంటికి కనబడేది. ఊపిరితిత్తుల లోతుకు దిగే అతి సన్నటి ధూళి, పీఎం 2.5 అంటారు, అది కనబడదు. దానికి మన దేశం పెట్టుకున్న ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5.

ఇంత పని చేసొచ్చిన పిల్లకు మీ ఇంట్లో దక్కింది 'రోడ్డు మీద నిలబడ్డావేం' అన్న మాట. కోప్పడుతున్నానని అనుకోకండి. అనుకున్నా ఫరవాలేదు.

డేటా సైన్స్ మీద నాకు పగ లేదు. ఆర్నెల్లలో ఉద్యోగం గ్యారంటీ అనే బోర్డుల మీద ఉంది. ఆ బోర్డు నమ్మి నేనే ఒకప్పుడు ఓ కుర్రాణ్ని చేర్చమన్నాను. సర్టిఫికెట్ వచ్చింది, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోయాడు. చేతిలో ఓ సబ్జెక్టు లేకుండా డేటాతో ఏం చేస్తారు? పాత అంకెల నుంచి నేర్చుకున్న మోడల్‌ను, ఇంకా కట్టని ఫ్లైఓవర్ పక్క మూడో అంతస్తులో పొగ ఎంతుంటుందని అడగండి. దానికి అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయి? గాలి నడక తెలిసినవాళ్లే చెప్పాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అంటారా, అది ఇక్కడా కావాలి. అమ్మాయి ఎలాగూ నేర్చుకుంటుంది.

ఇక ఉద్యోగాలు. కొత్త జాతీయ రహదారులకు కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ కింద పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. అవి రాసే కన్సల్టెన్సీలకు నాబెట్ అనే జాతీయ బోర్డు గుర్తింపు ఉండాలి, ఆ గుర్తింపులో గాలి మోడలింగ్‌కు విడిగా ఓ నిపుణుడు ఉండాలి. హైదరాబాద్‌లో జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి కేంద్రం ఉంది, కాలుష్య నియంత్రణ మండళ్లున్నాయి, ఐఐటీల ప్రాజెక్టులున్నాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే, దాచను. పోస్టులూ తక్కువే. పని నిజంగా వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. ఒకవేళ కుదరకపోయినా సివిల్ డిగ్రీ ఎక్కడికీ పోదు, సాఫ్ట్‌వేర్ తలుపులూ మూసుకోవు. ఎంటెక్ సీటుకు రాసే గేట్ పరీక్ష సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

ఏర్‌మాడ్ అనే మోడల్‌ను అమెరికా పర్యావరణ సంస్థ ఉచితంగానే ఇస్తోంది. ఈ వేసవి సెలవుల్లో మీ వీధికే నడిపి చూడమనండి. ఇష్టం నిలుస్తుందో లేదో రెణ్నెల్లలో తెలిసిపోతుంది. దానికోసం మళ్లీ బండ్లు లెక్కపెట్టాల్సి వస్తే గొడుగు, మంచినీళ్ల సీసా పట్టుకుని మీరూ వెళ్లండి. బైకులు, ఆటోలు ఆమెకు వదిలేసి, బస్సులు, లారీలు మీరు చూసుకోండి. పావుగంట కాగానే కాగితం మార్చడం మర్చిపోకండి.