పెద్ద రీఫ్ ట్యాంకుకి ఓవర్‌ఫ్లో ఎంచుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

200 × 75 × 65 సెంటీమీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) కట్టిస్తున్నానని, గాజు కోయించకముందే ఓవర్‌ఫ్లో (ట్యాంకులోంచి నీళ్ళు పొర్లి కిందికి దిగే ఏర్పాటు) సంగతి తేల్చుకోవాలని రాశావు. అడగాల్సిన సమయంలోనే అడిగావు. లైట్లు, స్కిమ్మర్ (బుడగల నురగతో మురికి తీసే పరికరం), పవర్‌హెడ్లు (ట్యాంకు లోపల నీళ్ళని తిప్పే చిన్న పంపులు) నచ్చకపోతే మార్చుకోవచ్చు, బెజ్జం పడిన గాజుని మాత్రం మళ్ళీ అతకలేం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పొడవైన అలుగు పెట్టించు, వెనక గాజుకి బయటివైపు ఒక పెట్టె పెట్టించు, ఆ పెట్టెలోంచి మూడు పైపులు దింపు. ఎందుకు ఇంత ఖచ్చితంగా చెబుతున్నానో లెక్కతో సహా రాస్తున్నాను.

మొదట తేలాల్సింది సంప్ (ట్యాంకు కింద ఉండే తొట్టి, అక్కడి నుంచి రిటర్న్ పంపు నీళ్ళని మళ్ళీ ట్యాంకులోకి పంపుతుంది) గుండా గంటకి ఎన్ని లీటర్లు తిరగాలన్నది. నీ ట్యాంకు సుమారు 975 లీటర్లు. దానికి మూడు నుంచి అయిదు రెట్లు, అంటే గంటకి 3000 నుంచి 5000 లీటర్లు చాలు. పగడాలకి కావలసిన ఉధృతి పవర్‌హెడ్లు ఇస్తాయి, ఆ పని ఓవర్‌ఫ్లో మీద పెట్టకు. పదివేల లీటర్లు తిప్పితే నీళ్ళు అదనంగా శుభ్రపడేది ఏమీ ఉండదు, చప్పుడు, బుడగలు, కరెంటు ఖర్చు మాత్రం పెరుగుతాయి. పంపు డబ్బా మీద ఉండే అంకె నీళ్ళని అసలు పైకి ఎత్తనప్పటిది. ఒకటిన్నర మీటరు ఎత్తుకి ఎంత ఇస్తుందో పంపుతో వచ్చే పట్టికలో చూసి కొను. ఈ ఉత్తరంలో లెక్కలన్నీ గంటకి 5000 లీటర్లకి వేశాను. అంతకన్నా తక్కువ తిప్పితే నీకు మరింత వెసులుబాటు.

ఇక అలుగు. చెరువు అలుగు పారినట్టే ఇక్కడా నీళ్ళు అంచు మీదుగా పొర్లి ట్యాంకు లోపలి పెట్టెలో పడతాయి, అక్కడి నుంచి వెనక గాజు బెజ్జాల గుండా బయటి పెట్టెలోకి పోతాయి. అంచు ఎంత పొడవుంటే పొర అంత పలచన. 5000 లీటర్లకి 30 సెంటీమీటర్ల అంచు ఉంటే దాని మీద నీళ్ళు దాదాపు 18 మిల్లీమీటర్ల మందాన పారతాయి. 60 సెంటీమీటర్లుంటే 12, 180 ఉంటే 6 మిల్లీమీటర్ల లోపే. నీటి పైన పేరుకునే జిడ్డుపొర వెలుతురుకీ, గాలి మార్పిడికీ అడ్డం. పలచగా పారే అలుగు ఆ పొరనే లాగి స్కిమ్మర్‌కి పంపుతుంది. మందంగా పారితే పొర కిందున్న మంచి నీళ్ళే ఎక్కువ పోతాయి. చేపలు, నత్తలు పడకుండా అంచుకి పళ్ళు పెడతారు కదా, 5 మిల్లీమీటర్ల పన్ను, 5 మిల్లీమీటర్ల సందు అయితే అసలు పొడవు సగానికి పడిపోయినట్టే లెక్క. 60 సెంటీమీటర్ల పళ్ళ అంచు 30 సెంటీమీటర్ల పనే చేస్తుంది. అందుకే మూలలో చిన్న పెట్టె వద్దంటాను. వెనక గాజు పొడవునా 180 సెంటీమీటర్ల అలుగు పెట్టించు, పళ్ళు పెట్టినా నీకు 90 మిగులుతుంది.

కరెంటు పోయినప్పుడు కూడా ఈ పొడవు అక్కరకొస్తుంది. నీ ట్యాంకు ఉపరితలం 1.5 చదరపు మీటర్లు, కాబట్టి మట్టం ఒక్క మిల్లీమీటరు తగ్గితే ఒకటిన్నర లీటరు సంప్‌లోకి దిగినట్టు. 18 మిల్లీమీటర్ల పొర దిగితే 27 లీటర్లు, 6 మిల్లీమీటర్లయితే 9. దీనికన్నా ప్రమాదం రిటర్న్ పైపు మూతి. అది నీటిమట్టానికి 4 సెంటీమీటర్ల కింద ఉంటే, పంపు ఆగిన క్షణం నుంచీ వెనక్కి సైఫన్ (నీళ్ళు నిండిన పైపు తనంతట తాను కిందికి లాగడం) పట్టి 60 లీటర్లు లాగేస్తుంది. మూతిని ఒక సెంటీమీటరు లోతులోనే ఉంచు. మట్టానికి కాస్త కింద పైపుకి 5 మిల్లీమీటర్ల గాలి బెజ్జం వెయ్యి, నాచు, చిన్న గొట్టం నత్తలు దాన్ని మూసేస్తాయి కనుక నెలనెలా పుల్లతో పొడుస్తుండు. నీళ్ళు వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ ఉందన్న ధైర్యంతో ఈ పని మానకు. చిన్న గుల్ల ముక్క ఇరుక్కున్నా ఆ వాల్వ్ పూర్తిగా మూసుకోదు. అన్నీ కలిపినా 40 లీటర్లకి మించి దిగవు, అయినా సంప్‌లో 60 లీటర్ల ఖాళీ వదులు. 120 × 50 సంప్‌లో అది 10 సెంటీమీటర్ల ఎత్తు.

లోపలి అలుగు పెట్టెకీ, బయటి పెట్టెకీ మధ్య గాజులో వేసే బెజ్జాల విషయంలో చాలామంది పొరబడతారు. అక్కడ సైఫన్ ఉండదు, నీళ్ళు మట్టంలో తేడా వల్లే కదులుతాయి. 40 మిల్లీమీటర్ల దారి ఒక్కటే ఇస్తే 5000 లీటర్లు తోయడానికి లోపలి పెట్టెలో నీళ్ళు 8–10 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తున నిలబడాలి. అప్పుడు అలుగే మునిగిపోయి పొర లాగడం ఆగిపోతుంది. 50 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో రెండు దారులిస్తే తేడా సెంటీమీటరు దగ్గరే ఆగుతుంది. మూడోది కూడా వేయిస్తే ఒకదానికి నత్త అడ్డం పడినా దిగులుండదు.

పైపుల విషయానికి వద్దాం. ఒకే పైపుతో నడిచే డర్సో పద్ధతిలో గాలీ నీళ్ళూ కలిసి దిగుతాయి. అందుకే పైపు సామర్థ్యంలో కొంతే పనికొస్తుంది, గుడగుడ ఆగదు, మూసుకుపోతే ఇంకో దారి లేదు. ఈ సైజు ట్యాంకుకి దాన్ని పక్కన పెట్టు. అంచుకి తగిలించే యు-ట్యూబ్ ఓవర్‌ఫ్లో అసలే వద్దు. ట్యూబ్‌లో గాలి చేరితే సైఫన్ తెగిపోతుంది, రిటర్న్ పంపు మాత్రం పోస్తూనే ఉంటుంది, ఆ నీళ్ళన్నీ నేల మీదకే.

రెండు పైపుల హెర్బీ పద్ధతి నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకటి నిండుగా పారే సైఫన్, దానికి ధారని సర్దే గేట్ వాల్వ్. రెండోది అత్యవసరానికి ఖాళీగా ఉండే పైపు. చిక్కంతా సైఫన్‌ని పంపు పోసే నీటికి సరిగ్గా సరిపోయేట్టు తిప్పి ఉంచడంలో ఉంది. పైపులో కాస్త జిగురు పట్టినా, పంపు కొద్దిగా మందగించినా పెట్టెలో మట్టం మారుతుంది. విసిగి చాలామంది సన్నటి ధార ఎప్పుడూ అత్యవసర పైపులోకి పోయేట్టు వదిలేస్తారు. అంటే ఖాళీగా ఉండాల్సిన దారిని రోజువారీ వాడకంలో పెట్టేసినట్టే. ముందే రెండు బెజ్జాలతో కట్టిన ట్యాంకు కొనుక్కున్నవాళ్ళకి ఇది ఫరవాలేదు. నువ్వు కొత్తగా కట్టిస్తున్నావు, మూడో బెజ్జం వేయించుకో.

మూడు పైపుల బీన్‌యానిమల్ పద్ధతిలో మొదటి పైపు సైఫన్, దాదాపు నీళ్ళన్నీ అదే దింపుతుంది. రెండోది తెరిచిన దారి, మామూలుగా గోడ వెంట పలచటి ధార మాత్రమే దిగుతుంది, మట్టంలో చిన్న మార్పులన్నీ అదే సర్దుకుంటుంది. దాని తలకి 6 మిల్లీమీటర్ల గాలి ట్యూబ్ ఒకటి ఉంటుంది. సైఫన్ మూసుకుపోయి మట్టం పెరిగి ఆ ట్యూబ్ కొస మునిగితే, గాలి అందక రెండో పైపే సైఫన్‌గా మారి నీళ్ళు లాగేస్తుంది. మూడోది ఎప్పుడూ పొడిగా ఉండాలి. ఎత్తుల వరుస తప్పకు: అన్నిటికన్నా కింద మామూలు నీటిమట్టం, దానికి కొంచెం పైన గాలి ట్యూబ్ కొస, ఆపైన మూడో పైపు మూతి, అన్నిటికన్నా పైన పెట్టె అంచు. ఒక్కో మెట్టుకీ రెండు సెంటీమీటర్లైనా వదిలితే సర్దుకోవడం తేలిక.

70–80 సెంటీమీటర్ల దిగుడుకి, రెండు మూడు ఎల్బోలతో (పైపు వంపులతో), 1 అంగుళం సైఫన్ గంటకి సుమారు 3000 లీటర్లు దింపుతుంది, 1.5 అంగుళాలది 7000 దాకా. నీకు మూడూ 1.5 అంగుళాలవే పెట్టు. 2 అంగుళాలకి పోతే వాల్వ్‌ని దాదాపు మూసి నడపాల్సి వస్తుంది, ఆ సన్నటి సందులోనే చెత్త ఇరుక్కుంటుంది. మూడో పైపు ఒక్కటే మొత్తం నీళ్ళని మోయగలగాలి, కాబట్టి దాన్ని సన్నగా చేసి పొదుపు చెయ్యకు. దాని మూతికి జల్లెడ కూడా వద్దు. మూడు పైపుల్ని దారిలో ఎక్కడా కలపకూడదు, కలిపితే ఒక్క అడ్డంకి మూడింటినీ ఆపుతుంది.

సైఫన్ మూతిని ఎల్బోతో కిందికి తిప్పి, పెట్టెలో మట్టానికి 10 సెంటీమీటర్ల కిందైనా ఉంచు. పైకి ఉంటే సుడి తిరిగి గాలి పీలుస్తుంది. సంప్‌లో సైఫన్ కొస, రెండో పైపు కొస నీళ్ళలో 2–3 సెంటీమీటర్లు మునిగితే చాలు. లోతుగా ముంచితే పంపు మళ్ళీ మొదలైనప్పుడు పైపులోని గాలి బయటికి పోలేదు, సైఫన్ పట్టదు. మూడో పైపు కొస నీటికి పైనే ఉండాలి, అందులోంచి నీళ్ళు పడితే ఆ చప్పుడే నీకు కబురు.

వాల్వ్ దగ్గర రెండు జాగ్రత్తలు. బాల్ వాల్వ్ పావు తిప్పుడులోనే పూర్తిగా మూసుకుంటుంది, సన్నగా సర్దడం దానితో అయ్యే పని కాదు, గేట్ వాల్వే కొను. అది పూర్తిగా పీవీసీది అయి ఉండాలి. ఇత్తడి వాల్వ్ ఉప్పునీటిలో రాగిని వదులుతుంది, రాగి పగడాలకీ, రొయ్యలకీ, నత్తలకీ విషం. వాల్వ్ పైనా కిందా యూనియన్లు పెడితే విప్పి కడుక్కోవచ్చు. 90 డిగ్రీల ఎల్బో బదులు వీలైనచోట రెండు 45 డిగ్రీలవి వాడు, అడ్డంగా పోయే పైపు ఎంత తక్కువుంటే అంత మేలు.

బల్క్‌హెడ్లు (గాజు బెజ్జంలో పైపుని నీళ్ళు కారకుండా బిగించే అమరికలు) ముందు కొని, వాటిని కొలిచాకే గాజుకి బెజ్జాలు వేయించు. ఒక్కో తయారీకి ఒక్కో కొలత. బెజ్జం అంచుకీ గాజు అంచుకీ మధ్య కనీసం ఆ బెజ్జం వ్యాసమంత దూరం ఉండాలి. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజుకి బెజ్జం పెట్టబోతే ముక్కలైపోతుంది, వెనక గాజు మామూలుదేనని కట్టేవాళ్ళ దగ్గర గట్టిగా కనుక్కో. రబ్బరు వాషర్ బల్క్‌హెడ్ తల వైపు, నీళ్ళున్న వైపు రావాలి, నట్టు వైపు కాదు. చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు చాలు.

ఉప్పు కలపకముందే మంచినీళ్ళతో నింపి నడిపించు. వాల్వ్ పూర్తిగా తెరిచి పంపు వెయ్యి, గాలి పోయి సైఫన్ పట్టాక, రెండో పైపులో సన్నటి ధార మొదలయ్యేదాకా కొద్దికొద్దిగా మూయి. ఒక్కో తిప్పుకీ అయిదు నిమిషాలు ఆగు, మట్టం నెమ్మదిగా కదులుతుంది. తర్వాత సైఫన్ వాల్వ్ మూసేసి చూడు. ఆపైన రెండో పైపు మూతి కూడా మూసి, మూడోది ఒక్కటే అరగంట మోస్తుందా చూడు. పంపు ఆపి, సంప్ ఎక్కడిదాకా నిండిందో గుర్తు పెట్టు. మళ్ళీ వేసి, సైఫన్ తనంతట తాను పడుతోందా గమనించు. ఇదంతా నాలుగైదు సార్లు చెయ్యి.

మూడూ మూసుకుపోతేనో అన్న ప్రశ్నకి జవాబు సంప్‌లోని రిటర్న్ గదిలో (రిటర్న్ పంపు ఉండే భాగంలో) ఉంది. మామూలు మట్టం నుంచి ట్యాంకు అంచుదాకా 3 సెంటీమీటర్లుంటే 45 లీటర్లు పడతాయి. రిటర్న్ గది 40 × 50 ఉండి, పంపు మూతి పైన 20 సెంటీమీటర్ల నీళ్ళే ఉంటే పంపు ఎత్తగలిగేది 40 లీటర్లే. గాలి పీల్చుకుంటుంది కానీ ట్యాంకు పొంగదు. ఆటో టాప్‌-ఆఫ్ (ఆవిరైన నీటికి బదులు మంచినీళ్ళు తనంతట తాను పోసే పరికరం) మాత్రం ఈ లెక్కని చెడగొడుతుంది. ఆ గదిలో మట్టం తగ్గగానే అది మంచినీళ్ళు పోస్తూ పోతుంది, ట్యాంకూ పొంగుతుంది, ఉప్పదనమూ పడిపోతుంది. ఒకసారికి కొన్ని నిమిషాలకి మించి నడవకుండా దానికి సమయం కట్టడి పెట్టు, దాని మంచినీళ్ళ డబ్బా కూడా చిన్నదే పెట్టుకో.

మొదటి కొన్ని వారాలు పైపుల్లో జిగురు పడుతుంది కనుక వాల్వ్‌ని వారానికోసారి వెంట్రుకవాసి సర్దాల్సి రావచ్చు. తర్వాత మూడు నెలలకోసారి పళ్ళ అంచుని, వాల్వ్‌ని, గాలి ట్యూబ్‌ని నీళ్ళు కలిపిన వెనిగర్‌లో నానబెట్టి తోము, మూడో పైపులో ఏ నత్తా కాపురం పెట్టలేదని టార్చి వేసి చూడు.

మీ పెదనాన్న