గొలుసు విప్పొద్దు పాపా

బిట్రగుంట,
ఆదివారం.

చిరంజీవి పద్మకు పెదనాయన ఆశీస్సులు.

పరుగుపందేల నుంచి దించేసిన గ్రేహౌండ్ కుక్కని తెచ్చుకోవాలని చూస్తున్నావంట. నిన్న మీ నాయన ఫోన్లో చెప్పినాడు. పరాయి దేశంలో ఉద్యోగం, చంకలో మూడేళ్ల పిల్లోడు, ఇంతలో ఒక మూగజీవి గురించి ఆలోచించావే, మా అమ్మ మనవరాలివి అనిపించుకున్నావు. ఆ సంతోషంతో పాటే గుండె దడ కూడా పట్టుకుంది. రాత్రంతా నిద్రలేదు.

నువ్వు పంపిన వివరాలు మా మనవడు చదివి వినిపించినాడు. నాలుగైదేళ్లకే పందెం నుంచి తీసేస్తారంట గదా, అప్పటికి దానికి ఇంకా ఏడెనిమిదేళ్ల ఆయుష్షు ఉంటది. ముందు తేల్చుకోవాల్సింది అదే. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, ఇండియాకి వచ్చేద్దామనుకున్నా దాన్ని ఏం చేస్తారు? నువ్వూ అల్లుడూ కూర్చుని మాట్లాడుకోండి. జవాబు దొరక్కపోతే తేవద్దు. ఒకసారి చేతులు మారిన జీవి అది, రెండోసారి మార్చొద్దు.

మెత్తటి పరుపు, చలికి కోటు, పళ్ల పరీక్ష, మత్తుమందు ఇవ్వాల్సొస్తే ఆ జాతిని ఎరిగిన డాక్టరు. ఇవి నీకు తెలిసినవే.

పిల్లోడి సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆ కుక్క రోజులో పదహారు, పద్దెనిమిది గంటలు పడుకునే ఉంటదంట. నిద్రలో మీద చెయ్యి పడటం దానికి అలవాటుండదు, ఉలిక్కిపడి కరవొచ్చు. దాని పడక ఉన్నచోటికి వాణ్ణి పోనీయొద్దు. లేపాలంటే దూరం నుంచే పేరు పెట్టి పిలవండి.

ఇంక నా భయం ఏందో చెప్తా.

1984లో నేను రైల్వేలో, పట్టాలు చూసుకునే కీమ్యాన్‌గా ఉన్నా. ఉదయగిరి కొండల కింద దొంగచాటుగా కుందేళ్ల వేటకి తిప్పిన జాగిలం ఒకటి, ముందుకాలు దెబ్బతిని పనికిరాదని వదిలేస్తుంటే క్వార్టర్స్‌కి తెచ్చుకున్నా. మల్లి అని పేరు పెట్టింది మీ పెద్దమ్మ. బక్కపలచటి ఒళ్లు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. గచ్చు మీద కాలు జారితే వణికిపోయేది. గడప దాటి లోపలికి రావడానికి నెల పట్టింది. మెడ కన్నా తల సన్నం కాబట్టి తోలుపట్టా ఇట్టే జారిపోయేది. మీకిప్పుడు లాగితే బిగుసుకునే మార్టింగేల్ కాలర్ దొరుకుద్దంట, అదే కొను.

ఎనిమిది నెలలకి నా నీడ అయిపోయింది. డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు కాడ నిలబడి ఉండేది. కట్టేసి తిప్పాలంటే నాకు మనసొప్పలేదు. ఇంత నమ్మిన జీవి నన్నొదిలి యాడికి పోద్దిలే, కుంటిది ఏం పరిగెత్తుద్దిలే అనుకున్నా. లైనుకి అవతల సర్కారుతుమ్మ బీడులో గొలుసు విప్పా. రెండు సాయంత్రాలు నా పక్కనే నడిచింది.

మూడోరోజు తుమ్మచెట్ల కింది నుంచి కుందేలు లేచింది. ఆ కుంటికాలు ఏమైపోయిందో నాకు ఇప్పటికీ తెలీదు. మల్లీ అని అరిచా. రోజూ ఆ పిలుపుకి అన్నం పళ్లెం వదిలేసి వచ్చేది. ఆ రోజు చెవి కూడా కదల్లేదు. ప్యాసింజరు దాటిపోయింది, అరగంట దాకా ఏ బండీ లేదని లెక్కేసుకునే విప్పినా. గూడ్సుకి టైముండదు. రోజూ ఆ పట్టాల మీద నడిచేవాణ్ణి, నాకు తెలియని సంగతి కాదది.

మీ పెద్దమ్మకి గొలుసు తెగిందని చెప్పా. ఇన్నేళ్లూ అదే మాట. రాత్రి మీ నాయన ఫోన్ పెట్టేశాక నిజం చెప్పేశా. ఆమె ఏమీ అనలేదు. లేచిపోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ గొలుసు తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. ఒక్క లంకె కూడా తెగలేదు.

నీ సంగతీ నాకు తెలుసు. ఎనిమిదేళ్లప్పుడు, ఏడుస్తోందని మా దూడ పలుపు విప్పేసి తల్లి దగ్గరికి తోలావు. కట్టేసిన జీవిని చూస్తే నీ మనసు ఓర్వదు. అందుకే ఇంత రాస్తున్నా. మీ మెల్‌బోర్న్‌లో 2019 నుంచి పెంపుడు గ్రేహౌండ్ మూతికి బుట్ట అక్కర్లేదన్నారు గదా, బయట తాడు మాత్రం ఉండాల్సిందే. చుట్టూ గోడ ఉన్న నీ ఇంట్లో తప్ప యాడా విప్పొద్దు. పార్కులో పిల్లి కనపడిందంటే గంటకి అరవై కిలోమీటర్ల పైన పోద్ది, నీ గొంతు దానికి వినపడదు. పక్కన రోడ్డుందని దానికి తెలీదు. ప్రేమగా ఉంటది గదా అని నాతో వాదించొద్దు. మల్లికీ నేనంటే ప్రేమే.

గేటుకి పైన ఇంకో గొళ్లెం పెట్టించి ఫోటో పంపు. కొరియర్ తెచ్చిన మనిషి తలుపు తీసి ఉంచినా ప్రమాదమే, అల్లుడికి కూడా చెప్పు.

తెచ్చుకోవాలనే నిశ్చయమైతే మెడ దగ్గర నుంచి తోక మొదలు దాకా కొలిచి రాయి. మీకు జూన్‌లో చలి గదా, పెద్దమ్మ తన పాత నేతచీరలతో దానికి బొంత కుడతానంటోంది. పొద్దున్నే చీరలు తీసి ఎండలో వేసింది.

మీ పెదనాయన