ఎడారి ఊళ్లో ఇల్లు కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు. అమ్మాయికి (మీ ఆవిడకి) కూడా.

ఉద్యోగం మానేశాక న్యూజెర్సీ ఇల్లు అమ్మేసి అరిజోనాలోనో న్యూ మెక్సికోలోనో చిన్న ఊరు చూసుకుని స్థిరపడదామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన ఇళ్ల ఫొటోలు కూడా చూశాను. అన్నీ చలికాలంలో తీసినవే. ఎడారిలో జనవరి ఎవరికైనా నచ్చుతుంది. నువ్వు కొనబోయేది మాత్రం పన్నెండు నెలలనీ, అందులోనూ ముఖ్యంగా జూలైనీ. వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇన్నేళ్లుగా మేమిక్కడ అరిజోనాలోనే ఉంటున్నాం, ఇంకెక్కడికీ వెళ్లే ఆలోచన లేదు. కాకపోతే ఊరు ఎంచుకునేటప్పుడు ఇప్పటి అరవై మూడేళ్ల నిన్ను కాదు, ఎనభై ఏళ్ల నిన్ను మనసులో పెట్టుకుని చూడు.

మొదట ఆ ఊరు సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో చూడు. ఎడారి అంటే అంతా ఒకటే వేడి అనుకుంటారు కానీ, వెయ్యి అడుగులు పైకి వెళ్తే సుమారు మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. కొలరాడో నది ఒడ్డున ఉన్న బుల్‌హెడ్ సిటీ, లేక్ హవాసు సిటీ లాంటివి వెయ్యి అడుగుల లోపు ఊళ్లు. 1994 జూన్‌లో లేక్ హవాసులో 128 డిగ్రీలు నమోదైంది, అరిజోనాలో ఇప్పటికీ అదే రికార్డు. అదే సియెర్రా విస్టా నాలుగున్నర వేల అడుగుల పైన ఉంది. న్యూ మెక్సికోలోని సిల్వర్ సిటీ ఆరు వేలకు దగ్గర. అక్కడ ఎండాకాలం సాయంత్రాలు బయట కూర్చోవచ్చు, చలికాలంలో అప్పుడప్పుడు మంచు కూడా చూస్తావు. న్యూజెర్సీ చలి నుంచి తప్పించుకోవాలనే తొందరలో చాలామంది బాగా కిందనున్న ఊళ్లకు వెళ్లి, ఆ తర్వాత ఏటా నాలుగు నెలలు తలుపులు మూసుకుని కూర్చుంటారు. నా ఓటు మూడు వేల అడుగులు దాటిన ఊళ్లకే.

ఎత్తుతో పాటు ఇంట్లో ఉన్నది ఏసీయా, కూలరా అన్నది కూడా అడుగు. పాత ఇళ్లలో ఎవాపరేటివ్ కూలరే ఉంటుంది, ఇక్కడివాళ్లు స్వాంప్ కూలర్ అంటారు. మే, జూన్‌లలో పొడి వేడికి అది చక్కగా పనిచేస్తుంది, కరెంటు ఖర్చూ తక్కువే. జూలైలో వానలు మొదలై గాల్లో తేమ చేరగానే అది చేతులెత్తేస్తుంది. ఇల్లమ్మేవాళ్లను గడిచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు చూపించమను. ఊళ్లో ఏసీ బాగుచేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో కూడా కనుక్కో. ఒక్కడే ఉండి, వాడు వారం తర్వాత వస్తానంటే, ఆ వయసులో అది టెన్షన్‌తో పోయే విషయం కాదు, ప్రాణం మీదకే వస్తుంది.

ఇక నీళ్లు. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే తూర్పు వైపు నుంచి వచ్చేవాళ్లు అడగని ప్రశ్న ఇదే. కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయి కదా అని సరిపెట్టుకోకు. ఆ నీళ్లు ఎవరివి, ఎక్కడి నుంచి వస్తున్నాయి, రేపు కూడా ఇచ్చి తీరాలన్న బాధ్యత చట్టప్రకారం ఎవరిది అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. రియో వెర్డే ఫుట్‌హిల్స్ సంగతి విన్నావా? స్కాట్స్‌డేల్ నగరానికి ఆనుకుని, నగర హద్దులకు బయట ఉన్న కాలనీ. చాలా ఇళ్లకు బావి లేదు, స్కాట్స్‌డేల్ నుంచి ట్యాంకర్లు తెచ్చి పోసేవి. కరువులో తన జనానికే చూసుకోవాలని నగరం 2023 జనవరి 1 నుంచి ఆ నీళ్లు ఆపేసింది. అవేం గుడిసెలు కావు, పెద్ద పెద్ద ఇళ్లు. ఆ ఇళ్లవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ట్యాంకర్లు తెప్పించుకుంటూ, కాగితపు ప్లేట్లలో తింటూ, వాన నీళ్లు పట్టుకుని టాయిలెట్లకు వాడుకుంటూ నెలలు గడిపారు.

అలాంటి కాలనీ అసలు ఎలా పుట్టిందని అడుగుతావు. అరిజోనాలో 1980లో భూగర్భజలాల చట్టం వచ్చింది. ఫీనిక్స్, టూసాన్, ప్రెస్కాట్ లాంటి నియంత్రణ ప్రాంతాల్లో కొత్త కాలనీ వేయాలంటే వందేళ్లకు సరిపడా నీళ్లున్నాయని చూపించాలి. కానీ భూమిని ఆరు ప్లాట్లకంటే తక్కువగా విడగొడితే అది ఆ లెక్కలో కాలనీ కిందకి రాదు. అందుకని నాలుగైదు ముక్కలు చేసి అమ్మడం ఒక పద్ధతైపోయింది. ఇక నియంత్రణ ప్రాంతాలకు బయట అయితే ఎవరి బోరు వాళ్లు వేసుకుని దాదాపు ఎంతైనా తోడుకోవచ్చు. విల్‌కాక్స్ వైపు పెద్ద పొలాల వాళ్లు లోతైన బోర్లు వేసి తోడేస్తుంటే పక్క ఇళ్ల బావులు ఎండిపోయాయి, నేల కుంగి పగుళ్లిచ్చింది. అక్కడి గోల పెద్దదయ్యాక ఈమధ్యే ప్రభుత్వం దాన్ని కూడా నియంత్రణ కిందకి తెచ్చింది. కాలిఫోర్నియాలో బొరెగో స్ప్రింగ్స్ అని అందమైన ఊరుంది, రాత్రి నక్షత్రాల కోసం ఊరంతా దీపాలు తగ్గించుకుంటుంది. అక్కడ భూగర్భజలం తోడడాన్ని 2040 కల్లా సుమారు 75 శాతం తగ్గించుకోవాలి. ఊళ్లు బాగుండవని కాదు, ఇల్లు చవగ్గా వస్తోందంటే దాని వెనుక ఇలాంటి లెక్క ఉండొచ్చు. ప్రైవేటు బావి ఉన్న ఇల్లైతే బావి లోతెంత, నీళ్లు ఏ లోతులో ఉన్నాయి, గత పదేళ్లలో ఎంత కిందకి దిగాయి అని అడుగు. చుట్టుపక్కల బావుల వివరాలు రాష్ట్ర జలవనరుల శాఖ దగ్గర దొరుకుతాయి. నన్నడిగితే మున్సిపాలిటీ నీళ్లు ఉన్న ఊరే చూసుకో. ఎనభై ఏళ్లకి పంపు చెడిపోయిందని మనిషి కోసం వెతుక్కునే పని మనకెందుకు?

చవక గురించి ఇంకొక మాట. ఇక్కడ చాలా చిన్న ఊళ్లు గనుల కోసం పుట్టి, గనులు మూతబడ్డాక చవకైనవి. బిస్బీలో రాగి తవ్వకం 1975లో, అహోలో 1985లో ఆగిపోయింది. బిస్బీ చూడముచ్చటగా ఉంటుంది, కళాకారులు చేరారు, కాఫీ షాపులు వచ్చాయి. అయితే ఇళ్లన్నీ కొండవాలు మీద, మెట్లే మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లకు. అహోలో గని కార్మికుల కోసం కట్టిన చిన్న ఇళ్లు తక్కువకే వస్తాయి, పెద్ద ఆసుపత్రి కావాలంటే మాత్రం రెండు గంటల ప్రయాణం. ఇంకా చవగ్గా కనిపించేవి మాన్యుఫాక్చర్డ్ హోమ్స్, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి పెట్టే ఇళ్లు. వాటిలో చాలావరకు ఇల్లు నీది, కింద నేల పార్కు యజమానిది. నేల అద్దె ఏటా పెంచుకుంటూ పోతారు, ఇల్లు కదిలించడం మాటలు కాదు. కొనే ముందు గత ఐదేళ్ల అద్దెలు కాగితం మీద చూపించమను.

ఆసుపత్రి విషయంలో ఊరి వెబ్‌సైట్లో 'హాస్పిటల్ ఉంది' అన్న మాట నమ్ముకోకు. మారుమూల ఊళ్లలో ఉండేవి ఎక్కువగా క్రిటికల్ యాక్సెస్ హాస్పిటళ్లు, అంటే 25 పడకలు మించనివి. గుండెపోటు వస్తే ప్రాణం నిలబెట్టి పెద్ద ఊరికి పంపిస్తారు. అది చిన్న విషయం కాదు, కానీ స్టెంటు వేసే చోటు ఎంత దూరమో నీకు ముందే తెలిసి ఉండాలి. నీకు షుగరు, ఆమెకు థైరాయిడ్. ఎండోక్రినాలజిస్టు, కంటి డాక్టరు, గుండె డాక్టరు ఎక్కడున్నారో, కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారో ఫోన్ చేసి కనుక్కో. జనవరిలో ఫోన్ చెయ్యి. చలికాలంలో ఉత్తరాన ఉన్న చలి రాష్ట్రాల నుంచి స్నోబర్డ్స్ దిగుతారు, అంటే చలి తప్పించుకోవడానికి వచ్చేవాళ్లు, అప్పుడు అపాయింట్‌మెంట్లు నెలల తరబడి దొరకవు.

ఇన్సూరెన్సుది ఇంకో చిక్కు. నీకు 65కి ప్రభుత్వ ఆరోగ్య బీమా, మెడికేర్ వస్తుంది కానీ అమ్మాయికి ఇంకా కొన్నేళ్లుంది. అప్పటిదాకా మార్కెట్‌ప్లేస్ ప్లాన్, అంటే ప్రభుత్వ వెబ్‌సైట్లో అమ్మే ప్రైవేటు బీమా కొనాలి. పల్లెటూరి కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) కంపెనీలు ఒకటో రెండో ఉంటాయి, వాటి నెట్‌వర్కులో పెద్ద ఊరి ఆసుపత్రి ఉండకపోవచ్చు. ఇల్లు చూసుకునే ముందే ఆ ఊరి జిప్ కోడ్ కొట్టి ప్లాన్లు చూడు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ కూడా కౌంటీని బట్టే, కౌంటీ మారితే ప్లాన్ మారొచ్చు. చిన్న ఊళ్లో ఉండేవాళ్లకు మామూలు మెడికేర్, దానిపైన మెడిగ్యాప్ (మెడికేర్ పోను మిగిలే ఖర్చులకు తీసుకునే ప్రైవేటు పాలసీ) మేలని నా అభిప్రాయం, మెడికేర్ తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లొచ్చు. 65 నిండి మెడికేర్‌లో డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లోపు మెడిగ్యాప్ తీసుకుంటే ఆరోగ్యం గురించి అడగకుండా ఇచ్చి తీరాలి. షుగరున్నవాడివి, ఆ ఆరు నెలలు వదులుకోకు.

షుగరంటే గుర్తొచ్చింది, వ్యాలీ ఫీవర్. దక్షిణ అరిజోనా మట్టిలో ఉండే ఒక ఫంగస్ దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. చాలామందికి జలుబులా వచ్చి పోతుంది, కొందరికి అసలు తెలియనే తెలియదు. మధుమేహం ఉన్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు ముదిరే అవకాశం ఎక్కువ. మనిషి నుంచి మనిషికి అంటుకోదు. దగ్గు, జ్వరం, నీరసం వారాలు లాగితే, న్యుమోనియా మందులు పనిచేయకపోతే, ఆ రక్తపరీక్ష చేయమని నువ్వే అడుగు. న్యూజెర్సీకి వచ్చినప్పుడు జబ్బు చేసినా సరే, అరిజోనాలో ఉంటానని అక్కడి డాక్టరుకు చెప్పు. లేకపోతే వాళ్లకు తట్టదు.

పన్నుల గురించి నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నట్టున్నావు. నెవాడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అరిజోనాలో 2023 నుంచి 2.5 శాతం ఒకటే రేటు, సోషల్ సెక్యూరిటీ మీద పన్ను లేదు. కిరాణా సరుకులకు రాష్ట్రం పన్ను వేయదు కానీ చాలా ఊళ్లు సొంతంగా వేస్తాయి. ఈ తేడాలన్నీ కలిపినా ఒక్కసారి ఏసీ మార్చే ఖర్చు ముందు నిలబడవు, వీటిని బట్టి ఊరు ఎంచుకోకు.

వానల సంగతి మర్చిపోకు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా మాన్సూన్ అంటారు. ఇక్కడ కూడా అదే మాట, కానీ మన నైరుతి లాగా రోజంతా కురవదు. సాయంత్రం గంటసేపు కుండపోతగా పడి, పొద్దున ఇసుక తప్ప ఏమీ లేని వాగు నిండా నీళ్లు పారతాయి. ఇక్కడ ఆ వాగుల్ని వాష్‌లంటారు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును కొట్టుకుపోగలవు. కాబట్టి ఇంటికి వెళ్లే దారి వాష్‌ని ఎక్కడ దాటుతోంది, అక్కడ వంతెన ఉందా లేదా చూడు. లేకపోతే వాన రోజున అంబులెన్సు అవతలే ఆగిపోతుంది. మామూలు ఇంటి ఇన్సూరెన్సు వరదకి వర్తించదు, అది వేరుగా తీసుకోవాలి.

యాభై ఐదు దాటినవాళ్ల కమ్యూనిటీలు చూస్తున్నావు కదా. 1960 జనవరి 1న ఫీనిక్స్ పక్కన సన్ సిటీ తెరిచినప్పటి నుంచి ఈ రాష్ట్రంలో అవి బాగా పెరిగాయి. చిన్నవి, శుభ్రంగా ఉంటాయి, ఈతకొలను, వడ్రంగి షెడ్డు, క్లబ్బులు. టూసాన్‌కి అరగంట దూరంలో గ్రీన్ వ్యాలీ ఉంది, ఊరు చిన్నది, పెద్ద ఆసుపత్రులు దగ్గర. మనవాళ్లకు అలాంటిది బాగా కుదురుతుందనిపిస్తుంది. సంతకం పెట్టే ముందు వాళ్ల నిబంధనల పుస్తకం మొత్తం చదువు. చట్టప్రకారం కనీసం 80 శాతం ఇళ్లలో 55 దాటినవాళ్లు ఒకరైనా ఉండాలి, మిగతా నియమాలు ఏ కమ్యూనిటీవి ఆ కమ్యూనిటీవే. మనవలు ఏడాదికి ఎన్నిరోజులు ఉండొచ్చో కూడా రాసి ఉంటుంది. పురిటికి కూతురు వచ్చి పిల్లతో నాలుగు నెలలు ఉంటానంటే కుదరకపోవచ్చు.

అమ్మాయిని విడిగా అడుగు, నీ ఎదురుగా కాదు. నీకు కొండలు, ఎండ, పుస్తకం ఉంటే చాలు. ఆమెకు పలకరించే మనుషులు కావాలి. ఇలాంటి ఊళ్లో తెలుగు మాట వినపడదు, కరివేపాకు కోసం ఫీనిక్స్ దాకా వెళ్లొచ్చేసరికి రోజు గడిచిపోతుంది. ఆమె హైవే మీద కారు నడపనంటే ముందు అది తేల్చుకోండి, ఎందుకంటే నీకు కంటి ఆపరేషన్ అయిన నెలలో మీ ఇల్లు నడిచేది ఆమె స్టీరింగ్ మీదే. ఒక్క సుఖం చెబుతాను: అరిజోనాలో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు, ఇండియాకీ మనకీ ఏడాదంతా పన్నెండున్నర గంటలే తేడా. మీ అమ్మకు ఫోన్ ఎప్పుడు చేయాలో లెక్క మారదు.

కొనకు, ముందు అద్దెకుండు. జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా ఉండు, మిగతా నెలలు నీకు ఎలాగూ నచ్చుతాయి. అప్పుడు స్నోబర్డ్స్ ఉండరు, సగం హోటళ్లు మూసి ఉంటాయి, ఊళ్లో నిజంగా ఎవరుంటారో, ఏవి తెరిచి ఉంటాయో కనిపిస్తుంది. న్యూజెర్సీ ఇల్లు అప్పటిదాకా అమ్మకు, అద్దెకివ్వు. ఇక్కడ చిన్న ఊళ్లలో ఇల్లు కొనడం తేలికే, అమ్మాలంటే ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

చివరగా కాగితాలు. అరిజోనా, న్యూ మెక్సికో, నెవాడా మూడూ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు, న్యూజెర్సీ కాదు. పెళ్లయ్యాక సంపాదించినది ఎవరిదన్న లెక్క ఇక్కడ వేరు, కాబట్టి పాత వీలునామా ఇక్కడి లాయరుకు చూపించి సరిచేయించు. వైద్యం గురించి నీ తరఫున ఎవరు మాట్లాడాలో ఆ పత్రం కూడా ఇక్కడి నమూనాలో రాయించు. అరిజోనాలో బెనిఫిషియరీ డీడ్ అని ఉంది, నీ తర్వాత ఇల్లు కోర్టు చుట్టూ తిరగకుండా పిల్లల పేరు మీదకి వెళ్తుంది. ఇల్లు రిజిస్టరయ్యాక అదీ చేయించు. చూసిన ఊళ్లలో రెండు మూడు తేల్చుకున్నాక వాటి నీళ్ల వివరాలు నాకు పంపు, ఇక్కడ తెలిసినవాళ్లను అడిగి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య