పాత తేదీ వేసి రాయించకండి

ప్రశ్న: హన్మకొండలో మేం నడిపే వృద్ధాశ్రమంలో పోయిన వారం రాత్రిపూట ఒక పెద్దమ్మ బాత్‌రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగితే ఎంజీఎంలో చేర్పించాం. ఆమె బిడ్డ కలెక్టరేట్‌లో ఫిర్యాదు ఇచ్చింది. తనిఖీకి వస్తున్నామని మాకు ఫోనొచ్చింది. ఆ రాత్రి రిజిస్టర్‌లో ఎవరూ ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయించవచ్చా? మా దగ్గరున్న పెద్దవాళ్లతో విడిగా మాట్లాడతామంటే ఒప్పుకోవాలా?

జవాబు: రాయించండి, కానీ ఇవాళ్టి తేదీ, టైము వేసి, 'ఆలస్యంగా రాసినది' అని పైన పెట్టి. డ్యూటీలో ఉన్న ఆయా తను చూసినంత వరకే చెప్పాలి: ఆమెను ఆఖరుసారి ఎప్పుడు చూసింది, ఎన్నింటికి కింద కనబడింది, నేల తడిగా ఉందా, లైటు వెలుగుతోందా. వైట్‌నర్ ముట్టొద్దు. రాయకపోవడం లోపం, దిద్దితే అది తప్పుడు సాక్ష్యం దాకా పోతుంది.

అంతకన్నా తొందర సీసీ కెమెరాది. డిస్క్ నిండగానే పాత రికార్డు మీద కొత్తది ఎక్కేస్తుంది. పది నిమిషాల ముక్క కాదు, ఆ రాత్రంతా పెన్‌డ్రైవ్‌లోకి ఇవాళే దింపండి. డీవీఆర్ (కెమెరా రికార్డు దాచే పెట్టె) గడియారం ఫోన్ టైముకు ఎంత తేడా ఉందో కాగితం మీద రాసిపెట్టండి. ఈ తేడా దగ్గరే తర్వాత గొడవలు వస్తాయి.

ఆమెకు ఏ మాత్ర ఎన్నింటికి ఇచ్చారో తనిఖీకి వచ్చేవాళ్లు అడగకపోయినా చూపించండి. మూత్రం ఎక్కువ పోయించే మాత్ర సాయంత్రం వేస్తే అర్ధరాత్రి లేవక తప్పదు. బీపీ మందు, నిద్రమాత్ర తోడైతే గబుక్కున లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. తప్పంతా నేలది కాకపోవచ్చు.

బాత్‌రూంను ఫొటోలు తీసి, గడప ఎత్తు, పట్టుకునే కడ్డీ ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి, ఆపైన బాగుచేయించండి. తనిఖీ దాకా ఆగితే ఇంకొకరు పడతారు.

వచ్చినవాళ్ల ఆదేశం, గుర్తింపు కార్డు చూపించమనడం అడ్డుకోవడం కాదు. రిజిస్టర్లు తీసుకెళ్తామంటే ముందు జిరాక్స్ తీసుకుని, పేజీల లెక్కతో రసీదు అడగండి.

విడిగా మాట్లాడనివ్వాల్సిందే. మీ సిబ్బంది తలుపు బయట నిలబడితే చాలదు, మాట వినబడనంత దూరం పోవాలి. పెద్దవాళ్లకు కళ్లద్దాలు, చెవి మిషన్ బ్యాటరీ సరిచూసి ఇవ్వండి. ముందురోజు జవాబులు మాత్రం నేర్పొద్దు. నలుగురు ఒకే మాట అప్పజెప్తే అధికారికి ఇట్టే తెలిసిపోతుంది. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 మీ ఆఫీసు గదిలో ఉంటే ఎవరికీ కనబడదు. అన్నం తినే హాల్లో పెద్ద అంకెలతో రాయించండి.