పాత డ్రైవర్ కోడ్ సరిచేసే పనిలో మా అమ్మాయి చేరొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ ఫైనలియర్. హైదరాబాద్‌లో ఒక చిప్ కంపెనీ ఆఖరి సెమిస్టర్‌కి ఇంటర్న్‌షిప్ ఇస్తామంటోంది. ఒకే కంపెనీ చిప్ కోసం రాసిన లినక్స్ డ్రైవర్‌ని (అంటే ఆ చిప్‌ని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిచేయించే కోడ్‌ని) మిగతా కంపెనీల చిప్‌లకూ పనికొచ్చేలా మార్చడం అక్కడ పనట. "ఎవరో రాసిన పాత కోడ్ దిద్దుకుంటూ కూర్చుంటే కెరీర్ ఏముంటుంది?" అని బంధువులు అంటున్నారు. క్యాంపస్‌లో ఒక ఐటీ సర్వీసెస్ ఆఫర్ కూడా ఉంది. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: చేరమనండి. పాత కోడ్ అన్న మాటకు భయపడొద్దు. ఈ రంగంలో పనితనం బాగా అబ్బేది ఇలాంటి పనిలోనే.

మీ అమ్మాయి చేయబోయేది ఏమిటో ఒక నిజమైన ఉదాహరణతో చెప్తాను. సినాప్సిస్ అనే కంపెనీ యూఎస్‌బీ 3 కంట్రోలర్ (చిప్‌లో యూఎస్‌బీని నడిపే భాగం) డిజైన్ తయారుచేసి అమ్ముతుంది. క్వాల్‌కామ్, శాంసంగ్, రాక్‌చిప్ లాంటి కంపెనీలు దాన్ని కొని తమ చిప్‌లలో పెట్టుకుంటాయి. లోపలి కంట్రోలర్ ఒకటే. దానికి క్లాక్ ఎక్కడినుంచి వస్తుంది, రీసెట్ ఎలా ఇవ్వాలి, కరెంటు ఎప్పుడు ఆపాలి అనేవి మాత్రం ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటాయి. లినక్స్‌లో దీనికున్న డ్రైవర్ పేరు డీడబ్ల్యూసీ3. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల పనితో 2011లో మొదలైంది. ఇప్పుడు లినక్స్ సోర్స్ కోడ్‌లో ఆ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిస్తే అందరికీ ఉమ్మడిగా ఉండే కోడ్ ఒకచోట, కంపెనీకొకటి చొప్పున చిన్న చిన్న ఫైళ్లు పక్కన కనిపిస్తాయి. ఆ చిన్న ఫైళ్లను గ్లూ అంటారు. మీ అమ్మాయిని ఈ రాత్రే ఆ ఫోల్డర్ చూడమనండి, ఇంటర్వ్యూ కన్నా ఎక్కువ అర్థమవుతుంది.

ఏది ఉమ్మడి, ఏది ఆ కంపెనీకే ప్రత్యేకం అని తేల్చడమే ఇందులో కష్టమైన భాగం. అనుభవం లేనివాళ్లు కోడ్ మధ్యలో "ఈ కంపెనీ అయితే ఇలా, ఆ కంపెనీ అయితే అలా" అని ఇఫ్‌లు పెట్టుకుంటూ పోతారు. రెండు కంపెనీల వరకు నడుస్తుంది. నాలుగోది వచ్చేసరికి ఎక్కడ ముట్టుకున్నా ఇంకోచోట ఏదో ఒకటి ఆగిపోతుంది. తెలిసినవాళ్లు ఆ తేడాలన్నీ ఒక టేబుల్‌లోకి తీసి, చిప్ పేరుని బట్టి డ్రైవర్ తనకు కావలసిన వరుసను తీసుకునేలా రాస్తారు. ఎక్కడ గీత గీయాలో తెలియాలంటే రెండు మూడు కంపెనీల డేటాషీట్లు, అంటే చిప్ వివరాల పత్రాలు, పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే. ఆ చదువు కాలేజీలో దొరకదు.

ఇంకో క్రమశిక్షణ కూడా అలవడుతుంది. లినక్స్‌లో ఇలాంటి మార్పును ఒకేసారి కుమ్మరిస్తే మెయింటెయినర్లు, అంటే ఆ కోడ్ బాధ్యత చూసేవాళ్లు, తీసుకోరు. ముందు పనితీరు ఏమాత్రం మారకుండా కోడ్‌ని సర్దే ప్యాచ్‌లు (చిన్న చిన్న మార్పులు) పంపాలి, ఆ తర్వాతే కొత్త చిప్‌ని చేర్చే ప్యాచ్. ప్రతి ప్యాచ్ దగ్గరా కెర్నల్ (లినక్స్‌కి గుండెలాంటి భాగం) కంపైల్ అవ్వాలి, చిప్ అమర్చిన బోర్డు బూట్ అవ్వాలి. లేకపోతే రేపు ఏదైనా చెడితే ఏ ప్యాచ్ వల్లో కనిపెట్టడం కష్టం. తన టేబుల్ మీద లేని బోర్డు కూడా చెడిపోకుండా చూసుకోవడం ఇరవై రెండేళ్ల అమ్మాయికి చిన్న బాధ్యత కాదు. దాన్ని సరిగ్గా చేసినవాళ్లకు క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్ లాంటి కంపెనీల్లో విలువ ఉంటుంది. అవన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

ఈ సర్దుబాటు ఎంత అవసరమో 2011లో లినక్స్ ప్రపంచం మొత్తానికీ తెలిసొచ్చింది. ఫోన్లలో ఎక్కువగా వాడే ఏఆర్‌ఎమ్ రకం చిప్‌ల కోసం ఎవరి కోడ్ వాళ్లు విడివిడిగా చేరుస్తూ పోతుంటే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే కోప్పడ్డారు. ఆ తర్వాత బోర్డు వివరాలను కోడ్‌లోంచి తీసి, డివైస్ ట్రీ అనే విడి ఫైళ్లలోకి మార్చే పని ఊపందుకుంది. 2012 డిసెంబర్‌లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి, వేర్వేరు కంపెనీల ఏఆర్‌ఎమ్ చిప్‌ల మీద ఒకే కెర్నల్ నడిచే వీలు మొదలైంది.

ఇబ్బందులూ చెప్పాలి. వెబ్ ఉద్యోగాలతో పోలిస్తే ఇక్కడ ఖాళీలు తక్కువ, చాలావరకు బెంగళూరు, హైదరాబాద్‌లలోనే. ఒక్క బగ్ కోసం వారమంతా సీరియల్ కన్సోల్ (బోర్డు పంపే మెసేజ్‌లు కనిపించే తెర) ముందు కూర్చోవాల్సి రావచ్చు. అంత ఓపిక లేనివాళ్లకు నేను ఈ దారి చెప్పను. సీ భాషలో పాయింటర్లు, స్ట్రక్చర్లు, ఫంక్షన్ పాయింటర్లు గట్టిగా రాకపోతే మొదటి నెలంతా టెన్షనే. చేరేలోపు వాటి మీద కూర్చోమనండి. లినక్స్ ఫౌండేషన్ వాళ్ల కెర్నల్ డెవలప్‌మెంట్ బిగినర్స్ కోర్సు ఉచితం, అదీ చేయమనండి.

చేరేముందు మేనేజర్‌ని కొన్ని అడగాలి. రాసిన కోడ్ అప్‌స్ట్రీమ్‌కి, అంటే అసలు లినక్స్‌లోకి వెళ్తుందా, కంపెనీలోనే ఉండిపోతుందా? అప్‌స్ట్రీమ్‌కి వెళ్తే ఆమె పేరుతోనే కమిట్, అంటే ఆ మార్పు రికార్డు, ఉంటుంది, ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. రెజ్యూమెలో రాసే ఏ వాక్యానికన్నా అది బలమైనది. చేతికి నిజం బోర్డు ఇస్తారా, రివ్యూ చేసే సీనియర్ ఎవరు అనేవి కూడా అడగాలి. ఈ రెండింటికీ సూటిగా సమాధానం రాకపోతే నేనైతే వెనకాడతాను. జీతం కంపెనీ పేరోల్ మీదా, థర్డ్ పార్టీ పేరోల్ మీదా, బాండ్ ఉందా అనేవి ఆఫర్ లెటర్‌లో మీరే చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించొద్దు.

ఐటీ ఆఫర్‌ని ఇప్పుడే వదులుకోనక్కర్లేదు. అలాంటి కంపెనీల్లో జాయినింగ్ మామూలుగా డిగ్రీ అయ్యాకే కాబట్టి ఇంటర్న్‌షిప్ ఈలోపే అయిపోతుంది. మీ కాలేజీలో ఒక విద్యార్థికి ఒకే ఆఫర్ అన్న నియమం ఉందేమో ముందు ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని కనుక్కోండి. ఇంటర్న్‌షిప్ తర్వాత ఫుల్‌టైమ్ ఇస్తారో లేదో ఎప్పటికి చెప్తారన్నది చిప్ కంపెనీ హెచ్‌ఆర్‌ని మెయిల్‌లోనే అడిగి, జవాబు దాచుకోమనండి.